వంద కిలోమీటర్లు: మునుం పట్టినట్టే

(వార్షిక సభలో మన ఫోరం సైకిల్ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చూడగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వారమంతా సైట్ల ఒళ్లు హూనం చేసుకుంటరు. దొరికిన ఒక్క సెలవు రోజు కాళ్లు చాపుకొని పండుకోక, ఎడారిల వంద కిలోమీటర్లు సైకిల్ తొక్కుడేందన్నా?" న్యాయమైన ప్రశ్నే. ఇవాళ మా మాటలన్నీ దానికి జవాబే.

అలసట గురించి మనవాళ్లకు ఇంకొకరు పాఠం చెప్పాల్సిన పని లేదు. షట్టరింగ్, స్టీల్ ఫిక్సింగ్, స్కాఫోల్డింగ్, క్లీనింగ్, డెలివరీ, ఇంటి పని... ఇవన్నీ చేసే చేతులే ఈ హాలు నిండా ఉన్నాయి. ఓర్పులో మనల్ని మించినవాళ్లు లేరు. కానీ మన ఓర్పులో ఎక్కువ భాగం తప్పనిసరి ఓర్పు. అప్పు తోలితే వచ్చింది, ఇంటి దగ్గర పిల్లల ఫీజు తోలితే వచ్చింది. "ఆపాలా, సాగాలా" అని పనిలో మనల్ని ఎవరూ అడగరు. అడిగే అలవాటు లేక మనల్ని మనమూ అడుక్కోం.

సైకిల్ మీద అలా కాదు. ఎవరూ తోలరు. బ్రేకు మన చేతిలోనే ఉంటుంది. ఎక్కడ ఆగినా జీతం కోయరు. అందుకే అలసినప్పుడు మన మనసు ఏం మాట్లాడుతుందో అక్కడ తీరిగ్గా వినొచ్చు. అందులో ఏ మాట నిజమో, ఏది ఉత్త బెదిరింపో తేల్చుకోవచ్చు. ఆ తేడా తెలుసుకోవడమే మా దృష్టిలో మనోబలం. కళ్లు మూసుకుని భరించడాన్ని మేము ఆ పేరుతో పిలవం.

దారి ఎట్లుంటది

మేము తొక్కేది దుబాయ్ శివార్లలో ఉన్న అల్ ఖుద్రా సైకిల్ ట్రాక్ మీద. కార్లు రావు. ఎడారి మధ్య నుంచి చుట్టి వచ్చే వలయం దాదాపు 50 కిలోమీటర్లు. రెండు చుట్లు తిరిగితే వంద. నవంబర్ నుంచి మార్చి దాకానే వెళ్తాం, ఎండాకాలంలో ఆ మాట ఎత్తం. క్యాంపు నుంచి వ్యాన్‌లో బయల్దేరి, ఐదింటికల్లా చీకట్లోనే మొదలుపెడతాం. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, తలకు హెల్మెట్. సైట్లో వేసుకునే మెరిసే జాకెట్ ఇక్కడ కూడా పనికొస్తుంది. సొంత సైకిల్ లేనివాళ్లకు అక్కడే అద్దెకు దొరుకుతాయి.

మొదటి చుట్టు హాయిగా సాగిపోతుంది. చల్లగాలి, కబుర్లు, అక్కడక్కడా ఇసుకలో జింకలు. తెల్లవారే వేళకు తొలి యాభై అయిపోవస్తుంది. అసలు కథ రెండో చుట్టులో. పొద్దెక్కేకొద్దీ గాలి తిరుగుతుంది, ఎదురుగాలి మొదలవుతుంది. దారి చదునుగా ఉంటుంది కానీ, ఎదురుగాలి గుట్ట ఎక్కడం కంటే కష్టం. గుట్టకైతే కొస కనబడుతుంది, గాలికి కొస లేదు. డెబ్బై కిలోమీటర్లు దాటాక ఒక్కొక్కరి నోటి మాట ఆగిపోతుంది. పిరుదులు నొప్పి, మెడ పట్టేస్తుంది, అరచేతులు తిమ్మిరి. ఆ మౌనంలోనే లోపలి గొంతు లేస్తుంది. "ఎందుకొచ్చిన తిప్పలు? దిగిపో."

ఆ గొంతు ఎక్కడిది?

సగం దాకా అది కడుపులోంచి వస్తుంది. మన కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములే. గట్టిగా తొక్కితే రెండు గంటల్లో అడుగంటుతుంది. మెదడుకు ముఖ్యమైన తిండి కూడా ఆ చక్కెరే. అది తగ్గితే కాళ్ల కంటే ముందు మనసు కుంగుతుంది. ఊరికే కోపం, ఊరికే ఏడుపు, ఇల్లు గుర్తుకు రావడం. మన బృందంలో అన్నమయ్య జిల్లా తమ్ముడొకడు డెబ్బై రెండో కిలోమీటరు దగ్గర సైకిల్ పక్కన పడేసి కూర్చున్నాడు. "సైకిలే కాదన్నా, ఈ దేశమే వద్దు. రేపే టికెట్ తీసుకుంటా" అన్నాడు. మాలో రాజోలు వైపు పెద్దాయన ఒకరున్నారు. ఆయన వాదించలేదు. ఐదు ఖర్జూరాలు చేతిలో పెట్టి, లబన్ డబ్బా మూత తీసిచ్చి, "ముందు ఇది తాగు బాబూ. టికెట్ సంగతి పావుగంటాగి మాట్లాడుకుందాం" అన్నారు. పావుగంట తర్వాత ఆ టికెట్ మాట వాడే ఎత్తలేదు.

దీని మీద 2004లో బ్రిటన్‌లో ఒక పరిశోధన జరిగింది. గంటసేపు సైకిల్ తొక్కేవాళ్ల చేత పిండిపదార్థం కలిపిన నీళ్లను నోట్లో పుక్కిలించి ఉమ్మేయించారు. చుక్క కూడా మింగలేదు. అయినా ఉత్త నీళ్లు పుక్కిలించినప్పటి కంటే దాదాపు 3 శాతం వేగంగా తొక్కారు. తిండి వస్తోందని నాలుక చెప్పగానే మెదడు పట్టు సడలించిందన్నమాట. అలసటలో మెదడు పాత్ర ఎంతో దీన్నిబట్టి చూడండి.

అందుకే మా మొదటి సూత్రం: ఆకలి కాకముందే తినాలి, దాహం ముదరకముందే తాగాలి. గంటకు నాలుగైదు మామూలు ఖర్జూరాలో, పెద్ద అరటిపండో, చిన్న డబ్బాలో పులిహోరో. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర చదును టీస్పూను ఉప్పు కలిపితే ఓఆర్ఎస్ తయారు. షుగర్, బీపీ, గుండె మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగందే ఇలాంటి సవారీకి రావద్దు.

మిగతా సగం గొంతు మనసుది. 2009లో వేల్స్‌లోని బ్యాంగర్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 16 మందితో ఒక ప్రయోగం చేశారు. ఒకరోజు వాళ్లకు 90 నిమిషాలు బుర్ర వేడెక్కే కంప్యూటర్ పని ఇచ్చి, తర్వాత ఇక నావల్ల కాదు అనేదాకా సైకిల్ తొక్కించారు. ఇంకోరోజు అదే 90 నిమిషాలు మామూలు డాక్యుమెంటరీ చూపించి తొక్కించారు. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 12 నిమిషాల 34 సెకన్లు తొక్కారు. బుర్ర అలసిన రోజు 10 నిమిషాల 40 సెకన్లే. గుండె, కండరాల పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. "చాలా కష్టంగా ఉంది" అన్న భావన మాత్రం త్వరగా పెరిగింది.

ఈ లెక్క మనకు బాగా దగ్గరిది. రాత్రి పన్నెండు దాకా ఫోన్లో అప్పుల లెక్కలు, ఇంటి గొడవలు విని పడుకున్నవాడికి పొద్దున బస్తా బరువు ఎక్కువనిపిస్తుంది. బస్తా బరువు పెరగలేదు. వాడి బలమూ తగ్గలేదు. మనసు ముందే సగం ఖర్చయిపోయింది. అట్లాంటి రోజు "నాకు చేతకావట్లేదు" అని మనల్ని మనం తిట్టుకోవడం అన్యాయం. సైకిల్ సవారీకి ముందు రాత్రి మేము పెట్టుకున్న కట్టుబాటు ఇదే. తొమ్మిది తర్వాత లెక్కలు లేవు, తగాదాలు లేవు. ఇంటికి ఫోన్ చేస్తే నవ్వుల మాటలే.

మునుం లెక్క

ఇక మేము పాటించే పద్ధతులు చెప్తాం. వీటిల్లో కొత్తవేమీ లేవు. మన ఊరి పొలాల్లోంచి తెచ్చుకున్నవే.

మా బృందంలో జగిత్యాల వైపు స్టీల్ ఫిక్సర్ అన్న ఒకరున్నారు. ఆయన తల్లి నాట్ల కూలి. ఆమె చెప్పిన మాటని మాకు ఆయన చెప్పారు: "మడి మొత్తం జూస్తే నడుం ఇరుగుతది బిడ్డా. మునుం జూస్తే చెయ్యి నడుస్తది." గోదావరి వైపు తమ్ముళ్లకు మునుం అంటే తెలియకపోవచ్చు. పొలంలో ఒక్కో కూలీ తన ముందు పట్టుకునే పని పట్టీని మునుం అంటారు. మేము వంద కిలోమీటర్లు తొక్కం, ఐదు కిలోమీటర్ల మునుం పడతాం. డెబ్బై దాటాక ఐదు కూడా ఎక్కువే అనిపిస్తే, "ఆ కనబడే చెట్టు దాకా" అంటాం.

ఆ చెట్టు గురించి ఒక మాట. అక్కడ ఇసుకలో నిలబడే గాఫ్ చెట్టు ఈ దేశపు జాతీయ వృక్షం. అది ఇంకేదో కాదు, మన జమ్మి చెట్టే. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. దసరా నాడు మనం మొక్కే చెట్టు ఇక్కడ నీళ్లు లేని ఇసుకలో పచ్చగా నిలబడి ఉంటుంది. ఎట్లా? పైకి పెరిగేదానికంటే ఎక్కువ లోతుకు వేళ్లు దింపుతుంది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మావాళ్లకు జమ్మి నుంచి జమ్మి దాకా తొక్కడం అలవాటైంది.

ప్రపంచంలో పేరున్న దూరపు సవారీలు నడిచేది కూడా ఈ మునుం లెక్క మీదే. ఫ్రాన్స్‌లో 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ 1200 కిలోమీటర్లు. మొదటిసారి గెలిచిన షార్ల్ టెరోంట్ 71 గంటల 22 నిమిషాల్లో నిద్ర లేకుండా ముగించాడు. ఇప్పుడు తొక్కేవాళ్లకు 90 గంటల గడువు, దారిపొడవునా తనిఖీ కేంద్రాలు. వాళ్లెవరూ 1200 గురించి ఆలోచించరు, వచ్చే కేంద్రం దాకానే వాళ్ల లోకం. మన హైదరాబాద్‌లోనూ 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో తొక్కే ఇలాంటి సవారీలు జరుగుతున్నాయి.

రెండో పద్ధతి, మనతో మనం మాట్లాడుకోవడం. ఇది ఉత్త మాట కాదు. అదే బ్యాంగర్ వాళ్లు 2014లో ప్రచురించిన మరో ప్రయోగంలో 24 మంది పాల్గొన్నారు. సగం మంది తమకు ధైర్యమిచ్చే మాటలు తామే ఎంచుకుని రెండు వారాలు సాధన చేశారు. వాళ్లు సైకిల్ మీద నిలబడే సమయం 18 శాతం పెరిగింది. మిగతావాళ్లకు అలా పెరగలేదు. మాటలు సొంతవి కావాలి, అదే కీలకం. స్టేజీ మీది స్లోగన్లు పనిచేయవు. మాలో ఒకరి మాట "సాలు తర్వాత సాలు." ఒకరిది "నిదానమే ప్రధానం." పదో తరగతి చదివే కూతురున్న ఒక అన్న ప్రతి పెడల్‌కీ ఆమె పేరులోని అక్షరాలు లెక్కపెడతారు. మీ మాట మీరే వెతుక్కోండి.

మూడోది, గాలిని పంచుకోవడం. ముందువాడి వెనక దగ్గరగా తొక్కితే గాలి దెబ్బ తగ్గుతుంది. వేగాన్ని బట్టి నాలుగో వంతు శ్రమ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మిగులుతుంది. అందుకే వంతులేసుకుంటాం. ఐదు నిమిషాలు నువ్వు ముందు, ఐదు నిమిషాలు నేను. అలసినవాణ్ణి మధ్యలో పెడతాం. ఒంటరిగా అరవై దగ్గర ఆగిపోయేవాడు నలుగురిలో వంద దాటడం మేము చాలాసార్లు చూశాం.

నాలుగోది, ఎదురుగాలిలో పెద్ద నిర్ణయాలు తీసుకోకపోవడం. ఆగాలనిపిస్తే ఆగండి, తినండి, నీడలో కూర్చోండి. దారి మధ్యమధ్యలో అందుకు విశ్రాంతి స్థలాలు ఉన్నాయి. "ఇక జన్మలో సైకిల్ ఎక్కను" అనే తీర్పు మాత్రం కడుపు నిండాకే ఇవ్వండి.

ఎక్కడ ఆగాలి

ఇప్పటిదాకా సాగడం గురించి చెప్పాం. ఇక ఆగడం గురించి. ఈ భాగాన్ని దయచేసి రూంలో ఉన్నవాళ్లకు కూడా చెప్పండి.

తొడల మంట, పిరుదుల నొప్పి, విసుగు, దిగులు, "ఎందుకొచ్చింది" అన్న గొంతు: ఇవి అలసట. వీటితో బేరం ఆడొచ్చు.

తల తిరగడం, కళ్లు చీకట్లు కమ్మడం, వాంతులు, ఎండలో ఒళ్లు చలి పుట్టడం, మాట తడబడటం, అయోమయం, ఛాతీలో బిగుతు, చేతికో దవడకో పాకే నొప్పి, మూత్రం కోలా రంగులో రావడం: ఇవి అలసట కాదు, ప్రమాదం. వీటితో బేరం లేదు. మనోబలం చూపించాల్సిన చోటు ఇది కాదు. ఇక్కడ బలం అంటే దిగిపోవడమే.

ఇందులో ఒక చిక్కుంది. వడదెబ్బ ముదిరితే ముందు దెబ్బతినేది బుద్ధి. తనకు బాగోలేదని ఆ మనిషికే తెలియదు. "నాకేం కాలేదు, నడువుండ్రి" అంటాడు. ఇందాక చెప్పిన జగిత్యాల అన్న మార్చి నెల సవారీలో ఎనభై ఐదు దగ్గర అట్లనే అన్నారు. మాట మెల్లగా, ముద్దగా వస్తోంది. మేము అడిగాం, "అన్నా, మీ మండలం ఏది?" చెప్పలేక తడబడ్డారు. అంతే, సవారీ అక్కడితో ఆగింది. అందరం ఆగాం. నీడలోకి తీసుకెళ్లి, చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, టవల్‌తో విసురుతూ 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలిచాం. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. సాయంత్రానికి ఆయన కోలుకున్నారు. చలికాలం రాగానే డాక్టర్ సరే అన్నాక వంద పూర్తి చేశారు. ఆ పదిహేను కిలోమీటర్లు ఎక్కడికీ పోలేదు, ఆయన కోసం అక్కడే ఉన్నాయి.

అప్పట్నుంచి మా బృందంలో మార్చలేని నియమం ఒకటే. సాగాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు. ఆగాలా అన్నది మాత్రం పక్కవాడు చెప్తే వినాల్సిందే, వాదన లేదు. అరగంటకోసారి ఒకరినొకరు పలకరిస్తాం. ఊరి పేరు, మిగిలిన కిలోమీటర్లు అడుగుతాం. నవ్వుతూనే అడుగుతాం, జవాబు మాత్రం జాగ్రత్తగా వింటాం.

సైటులో ఇదే పాఠం

ఇదంతా సెలవు రోజు సరదాగా మిగిలిపోతే ఈ సభలో చెప్పాల్సిన పని లేదు. రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదు అనే కబురు మన క్యాంపుల్లో వినని ఏడాది ఉందా? కారణాలు అనేకం ఉండొచ్చు. కానీ "ఏం కాదులే, ఈ ఒక్క షిఫ్టు లాగిద్దాం" అనే మాట మనందరికీ అలవాటే. ఏళ్ల తరబడి వేడిలో, నీళ్లు చాలక చేసే పని మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది. అందుకే సైకిల్ మీద నేర్చుకున్నదాన్ని సైటుకు తీసుకెళ్లాలి.

ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు నేరుగా ఎండ తగిలే చోట, బయట పని చేయించడం నిషేధం. అత్యవసర పనులకు మాత్రమే మినహాయింపు ఉంది, దానికీ షరతులున్నాయి. ఆ రెండున్నర గంటలు మనకు ఎవరో పెట్టిన భిక్ష కాదు, చట్టం ఇచ్చిన హక్కు. పాటించకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 600590000కు చెప్పొచ్చు. మన భాషలో గోడు చెప్పుకోవడానికి, సలహాకు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 80046342 ఉంది. ఈ నంబర్లు ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి.

పనిలో కూడా జతలు కట్టండి. నువ్వు నన్ను చూడు, నేను నిన్ను చూస్తా. పక్కవాడి మాట ముద్దగా వస్తే మండలం పేరు అడగండి. తడబడితే పని ఆపించండి. ఒక్కడు "నాకు బాగోలేదు" అంటే బద్ధకం అంటారేమో. నలుగురు కలిసి "వీడికి బాగోలేదు" అంటే ఫోర్‌మన్ కూడా ఆలోచిస్తాడు.

ఇక పరదేశపు బతుకు సంగతి. రెండేళ్ల కాంట్రాక్టు మొత్తం ఒకేసారి కళ్లముందు పెట్టుకుంటే ఎవరికైనా గుండె జారుతుంది. దాన్నీ మునుంగా కోసుకోవాలి. ఈ నెల అప్పు కిస్తీ, ఈ పండగ, ఈ సెలవు రోజు. ఒంటరిగా గాలికి ఎదురు తొక్కకండి, వంతులేసుకోండి. మనసు మరీ కుంగి, బతకడమే దండగ అనిపిస్తే అది కూడా ఛాతీ నొప్పిలాంటిదే. దాచకూడదు. పక్క బెడ్డు తమ్ముడితో చెప్పండి, మాతో చెప్పండి, డాక్టర్ దగ్గరికి మేము తోడొస్తాం.

ఓర్చినమ్మకు తేటనీరు అన్నారు పెద్దలు. ఆ సామెతను మనం ఎప్పుడూ భరించడానికే వాడుకుంటాం. బురద నీళ్లు తేటపడాలంటే కలపడం ఆపి కాసేపు ఊరుకోవాలి గదా. ఆగడం కూడా ఓర్పులో భాగమే.

నవంబర్ మొదటి ఆదివారం నుంచి మళ్లీ మొదలుపెడుతున్నాం. కొత్తవాళ్లకు మొదటి నెల ఇరవై కిలోమీటర్లే, తర్వాత నెల నలభై. ఎవరూ మిమ్మల్ని వదిలేసి ముందుకు పోరు, అందరికంటే నిదానంగా తొక్కేవాళ్ల వేగమే బృందం వేగం. పేర్లు బయట బల్ల దగ్గర రాయించండి. లైట్లు, హెల్మెట్లు మా దగ్గర ఉన్నాయి. ఖర్జూరాలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, రాజోలు పెద్దాయన సంచి ఒక్కటే అందరికీ చాలడం లేదు.